కఠిన జలంతో ఐదేళ్లు: మొక్కల అక్వేరియంలో కుళాయి నీరు

90 లీటర్ల మొక్కల అక్వేరియాన్ని ఐదేళ్లుగా కుళాయి నీటి మీదే నడుపుతున్నాను. చుక్కల టెస్ట్ కిట్‌తో మొదటిసారి పరీక్షించిన రోజున, 5 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కొక్క చుక్కా వేసి ఊపుతూ పోతే, పద్నాలుగో చుక్క పడేదాకా ఎరుపు రంగు ఆకుపచ్చగా మారలేదు. అంటే జీహెచ్ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియంల మొత్తం కొలత) 14 డిగ్రీలు, డిగ్రీకి 17.8 చొప్పున లెక్కిస్తే లీటరుకు దాదాపు 250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. కేహెచ్ (కార్బొనేట్, బైకార్బొనేట్‌ల కొలత) 9 తేలింది. ఆ రోజు పడ్డ బెంగలో సగానికి పైగా అనవసరమైనదే.

వాలిస్నేరియా ఈ నీటిలో పండగ చేసుకుంది. నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్‌ను తీసుకోగల మొక్క అది. ఆ క్రమంలో కాల్షియం కార్బొనేట్ విడివడి ఆకు మీద పేరుకుంటుంది కాబట్టి, ముదురు ఆకును వేలితో రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ ఏ పేచీ లేకుండా పెరిగాయి. మెత్తని నీరు కోరే టోనినా మాత్రం మూడుసార్లు నాటితే మూడుసార్లూ చిగురు మాడిపోయింది.

ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, అందరూ జీహెచ్ అంకె చూసి భయపడతారు గానీ, మొక్కల విషయంలో అసలు చిక్కు తెచ్చేది కేహెచ్. జీహెచ్ కొలిచే కాల్షియం, మెగ్నీషియం మొక్కకు కావలసిన పోషకాలే. కేహెచ్ ఎక్కువైతే పీహెచ్ దిగిరాదు, దాంతో మనం వేసే ఐరన్ మొక్కకు అందకుండా పోతుంది. నా రొటాలా కొత్త ఆకులు నెలల తరబడి పాలిపోయి ఉండేవి. ఈడీటీఏ రకం ఐరన్ మాని, ఎక్కువ పీహెచ్‌లోనూ కొంత నిలబడే డీటీపీఏ రకానికి మారాక గానీ వాటికి రంగు రాలేదు.

నేను చేసిన పెద్ద తప్పు వేరే ఉంది. ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ కుళాయి నీటినే పోస్తూ వచ్చాను. నీరు ఆవిరైపోతుంది, ఖనిజాలన్నీ అక్కడే ఉండిపోతాయి; ఒక వేసవి గడిచేసరికి జీహెచ్ 21కి చేరింది. కంగారుపడి ఒకేసారి సగానికి పైగా నీరు తీసేసి, ఖనిజాలు దాదాపు లేని ఆర్‌ఓ నీరు నింపితే, తెల్లారేసరికి ఆరు రొయ్యలు చచ్చిపడి ఉన్నాయి. ఆ కఠినత వాటిని చంపలేదు, నా తొందరపాటు చంపింది.

ఇప్పుడు ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీరే పోస్తాను, వారానికోసారి మార్చే 30 లీటర్లలో సగం కుళాయిది, సగం ఆర్‌ఓది. జీహెచ్ 7 దగ్గర నిలకడగా ఉంటోంది. నీటిని ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరమైన్ పోదు కనుక, వాటిని విరిచే డీక్లోరినేటర్ మందు వేయడం ఎన్నడూ మానలేదు. నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని అంచనా వేసే టీడీఎస్ మీటర్ చేతికి సులువే అయినా, అది విద్యుత్ వాహకతను బట్టి అంకె చూపేదే తప్ప, ఆ అంకెలో కాల్షియం ఎంతో సోడియం ఎంతో చెప్పలేదు. చుక్కల కిట్‌కు అది ప్రత్యామ్నాయం కాదు.

అద్దం మీద నీటిమట్టం దగ్గర పడే తెల్లగీత మాత్రం ఇప్పటికీ వదల్లేదు. నెలకోసారి నీటిని నాలుగు వేళ్ల మేర దించి, వెనిగర్‌లో తడిపి పిండిన గుడ్డతో రుద్దుతున్నాను.