నాలుగు మామిడి సీజన్లు వాడాక మేనేజ్డ్ ఎస్‌డీ-వ్యాన్ గురించి నా మాట

మాది మామిడి గుజ్జు వ్యాపారం. తిరుపతి రేణిగుంట రోడ్డులో హెడ్డాఫీసు, బంగారుపాళ్యం దగ్గర ఒక ఫ్యాక్టరీ, చిత్తూరు అవతల ఇంకొకటి, దామలచెరువులో కాయ కొనే మండీ, ఒక కోల్డ్ స్టోరేజీ, చెన్నైలో ఎగుమతుల ఆఫీసు, మొత్తం ఆరు చోట్లు. ఆరింటి కంప్యూటర్లనీ కలిపే మేనేజ్డ్ ఎస్‌డీ-వ్యాన్ నెట్‌వర్క్ సర్వీసు 2022 మార్చిలో తీసుకున్నాం. వ్యాన్ తీసుకున్నాం అనగానే మా కాటా గుమాస్తా ‘టాటానా, లేలాండా సార్?’ అని అడిగాడు. కంపెనీ పేరు చెప్పను, ఎవరి దగ్గర తీసుకున్నా మన ఊళ్లలో వచ్చే తలనొప్పులు దాదాపు ఇవే.

తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో: ప్రతి బ్రాంచిలో వాళ్ల బాక్సు ఒకటి పెట్టి దానికి రెండు మూడు లైన్లు తగిలిస్తారు, మాకైతే ఒక ఫైబర్ లీజ్డ్ లైను, ఇంకో కంపెనీ బ్రాడ్‌బ్యాండు, ఒక 4జీ సిమ్ము. బాక్సులు తమలో తాము టన్నెళ్లు, అంటే ఇంటర్నెట్ మీదే బయటివాళ్లు చూడలేని దారులు, వేసుకుని ఏ లైను బాగుంటే దాని మీద డేటా పంపిస్తాయి. లైను పడిపోతే టికెట్ (ఫిర్యాదు) మనం పెట్టక్కర్లేదు, రాత్రీ పగలూ చూసే నాక్ టీమ్ వాళ్లదే.

అంతకుముందు ఎంపీఎల్‌ఎస్ (టెలికాం కంపెనీ బ్రాంచీల మధ్య ఇచ్చే ప్రైవేటు లైను) ఉండేది, ఫ్యాక్టరీకి 4 ఎంబీపీఎస్. ఉన్నంతసేపు బంగారం, పోయిందంటే రెండో దారి లేదు. 2021 జూన్‌లో ఒక రాత్రి 11 గంటలకు పోయింది. బయట తోతాపురి లోడుతో ట్రాక్టర్లు, లారీలు రోడ్డు దాకా నిలబడున్నాయి, కాటా లెక్క తిరుపతి సర్వర్‌లో పడితే తప్ప స్లిప్పు రాదు. గేటు దగ్గర అబ్బాయి ఫోను: ‘అన్నా, నెట్టు పూడ్సినాదన్నా, రైతులు అరస్తా ఉండారు.’ తెల్లారేదాకా చేత్తో స్లిప్పులు రాసి ఇచ్చాం, తర్వాత అవన్నీ ఎక్కించి లెక్క సరిచూడటానికి రెండు రోజులు పట్టింది, మూడు స్లిప్పుల్లో బండి నంబరే అర్థం కాలేదు.

ఇప్పుడు నాకు ఈ సర్వీసులో నిజంగా నచ్చింది ఒకటే. లైను పూర్తిగా చచ్చిపోతే రెండు లైన్లు పట్టే ఏ మామూలు రూటరైనా ఇంకో లైనుకి మారుతుంది, అది గొప్ప కాదు. లైను బతికే ఉండి దగ్గుతుంటుంది చూడండి, అక్కడే అసలు సంగతి. 2024 జూన్‌లో ఒక మధ్యాహ్నం వాళ్ల పోర్టల్ తెరిచి చూస్తే బంగారుపాళ్యం ఫైబర్ ‘అప్’ అని పచ్చగానే ఉంది, దాని పక్కన మాత్రం ప్యాకెట్ లాస్ (దారిలోనే పోయే డేటా) 9 శాతం. పాత పద్ధతిలో అయితే స్క్రీన్లు నత్తలా కదులుతుంటే ‘సర్వర్ స్లో’ అని నన్ను తిట్టేవాళ్లు. ఈ బాక్సు ప్రతి లైను మీదా ఎప్పుడూ చిన్న ప్యాకెట్లు పంపి ఆలస్యం, లాస్ కొలుస్తూ ఉంటుంది, కాబట్టి అప్పటికే కాటా డేటాని బ్రాడ్‌బ్యాండు మీదకి తోసేసింది. కాటా అబ్బాయిని అడిగితే ‘ఏం కాలేదే’ అన్నాడు. మారేటప్పుడు రిమోట్ స్క్రీన్ రెండు మూడు సెకన్లు బిగుసుకుంటుందేమో గానీ లాగౌట్ కాదు, ఎందుకంటే కింద ఏ లైను మారినా లోపల మన కంప్యూటర్ల అడ్రసులు మారవు.

2025 సీజన్‌లో దీని విలువ ఇంకా తెలిసింది. ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న ఏడాది అది, గేటు బయట బండ్లు రోజుల తరబడి ఆగిన ఏడాది. ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడో లెక్క తేడా వస్తే ఊరుకునే పరిస్థితి లేదు. ఆ సీజన్ మొత్తంలో నెట్టు వల్ల కాటా ఆగింది ఒక్కసారే, 40 నిమిషాలు.

ఆ ఒక్కసారి ఎందుకు ఆగిందో వింటే నవ్వొస్తుంది. ఫైబర్ ఒక కంపెనీది, బ్రాడ్‌బ్యాండు ఇంకో కంపెనీది, కాగితం మీద రెండు వేర్వేరు దారులు. నిజానికి మా గేటుకి ముందున్న కిలోమీటరున్నర రెండు కేబుళ్లూ అవే స్తంభాల మీద చెట్టపట్టాలేసుకుని వస్తున్నాయి. ఎత్తుగా లోడేసుకున్న లారీ ఒకటి రెండింటినీ కలిపి లాగేసింది. 4జీ ఉంది కదా అనుకున్నాం, తీరా చూస్తే ఆ నెల సిమ్ము డేటా కోటా అంతకుముందే అయిపోయింది, హెడ్డాఫీసులో ఎవరో అంతకుముందు ఒక రోజు కూర్చుని ఫ్యాక్టరీ సీసీ కెమెరా రికార్డింగులు చూశారట, ఆ రోజు సిమ్ము మీద నడుస్తున్నామని వాళ్లకేం తెలుసు! తర్వాత సిమ్ము మీద కెమెరాలు, అప్‌డేట్లు వెళ్లకుండా రూల్ పెట్టించాను. ఆ రూల్ పెట్టడానికి వాళ్లకి రెండు రోజులు పట్టింది. బాక్సు మన ఆఫీసులోనే ఉన్నా పాస్‌వర్డ్ మన చేతిలో ఉండదు, చిన్న మార్పుకీ టికెట్టే, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఎస్‌ఎల్‌ఏ, అంటే లైను ఎంత శాతం సమయం నడుస్తుందో వాళ్లు రాసిచ్చే హామీ గురించి. 99.5 శాతం అంటే వినడానికి బాగుంటుంది, 30 రోజుల నెలకి లెక్కేస్తే 3 గంటల 36 నిమిషాలు పోయినా వాళ్లు తప్పు చేయనట్టే. పైగా ముందే చెప్పిన మెయింటెనెన్సు లెక్కలోకి రాదు, మన దగ్గర కరెంటు పోయినా రాదు. మండీలో యూపీఎస్ బ్యాటరీ ముసలిదైపోయి రెండుసార్లు బాక్సు ఆగితే, రెండుసార్లూ ‘కస్టమర్ పవర్’ అని టికెట్ మూసేశారు. వాళ్ల తప్పు కాదులెండి. ఇప్పుడు బాక్సుకీ ఫైబర్ మోడెమ్‌కీ కలిపి వేరే చిన్న యూపీఎస్ పెట్టాం, బాక్సుకి మాత్రమే పెట్టి మోడెమ్‌ని వదిలేసే తెలివితక్కువ పని మేమూ ఒకసారి చేశాం.

కాల్ సెంటర్ మామూలే, ‘సార్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తారా’. చిత్తూరు నుంచి వచ్చే ఫీల్డు అబ్బాయి మాత్రం బంగారం, వానలో కూడా బండేసుకొచ్చి స్ప్లైసింగ్ చేసి, అంటే తెగిన ఫైబర్ అతికించి, వెళ్లాడు.

ఖర్చు సంగతి: బాక్సుల అద్దె, లైన్ల అద్దె, మీద 18 శాతం జీఎస్టీ, మూడేళ్ల లాకిన్. మాలాంటి వాళ్లకి గుచ్చుకునేది ఏమిటంటే కాయ వచ్చేది గట్టిగా రెండు మూడు నెలలు, బిల్లు మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. 2025లో రెన్యువల్ అప్పుడు పట్టుబట్టి, రెండు ఫ్యాక్టరీల్లో జూన్, జూలైకి స్పీడు పెంచి ఆగస్టులో తగ్గించేలా రాయించుకున్నాం. అడగకపోతే ఎవరూ చెప్పరు. మీకు రెండే బ్రాంచీలుండి, కాస్త నెట్‌వర్కింగ్ తెలిసిన మనిషి ఆఫీసులో ఉంటే మాత్రం ఇదంతా దండగ, రెండు బ్రాడ్‌బ్యాండ్లు, వీపీఎన్ ఉన్న మంచి రూటరు చాలు.

రెన్యువల్ సంతకానికి ముందు ఆ ఫీల్డు అబ్బాయిని నా బండి వెనక ఎక్కించుకుని, రెండు కేబుళ్లూ ఎక్కడి నుంచి ఎక్కడికి వస్తున్నాయో స్తంభం స్తంభం చూసుకుంటూ తిరిగాను. రెండోది ఇప్పుడు ఫ్యాక్టరీ వెనక తోటల వైపు నుంచి వస్తుంది. దానికి అదనంగా ఆరు స్తంభాల ఖర్చు మేమే పెట్టుకున్నాం, మా మేనేజరు ఇంకా ఆ బిల్లు చూసి మూలుగుతూనే ఉన్నాడు.