వాసనతో పాఠం: సీసాలా, నడకా, గదినిండా పరిమళమా – ఏది మేలు?

పాఠంలోకి వాసనను తేవాలనుకునేవాళ్ల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి. చిన్న సీసాల్లో వాసనలు నింపి ఒక్కొక్కరి చేతికీ ఇవ్వడం ఒకటి. గుంపుగా బయటికి వెళ్లి, అక్కడున్న వాసనలనే ఆగి ఆగి గమనించడం రెండోది. డిఫ్యూజర్ పెట్టి గదంతా ఒకే పరిమళం నింపడం మూడోది. నన్నడిగితే పిల్లల క్లాసుకు సీసాలు మేలు, పెద్దలూ పిల్లలూ కలిసి నేర్చుకునే చోట నడక మేలు. గది పరిమళానికి నేను ఓటు వెయ్యను. కానీ చాలామందికి ముందు తట్టేది అదే కాబట్టి దాని సంగతే మొదట చూద్దాం.

దానిమీద ఆశ పెట్టుకోవడానికి కారణం లేకపోలేదు. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే భాగం గుండా వెళ్లాకే పై భాగాలకు అందుతాయి. వాసన ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాల దగ్గరికి చేరుతుంది. మరిచిపోయాం అనుకున్న సంగతి ఒక్క వాసనతో కళ్లముందు నిలబడటం అందరికీ అనుభవమే. దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో 1984లో తెరిచిన యార్విక్ వైకింగ్ సెంటర్ అనే మ్యూజియంలో బొమ్మలతో పాటు, ఒకప్పుడు అక్కడ స్థిరపడిన వైకింగ్‌లనే ఉత్తర ఐరోపా సముద్రయానికుల కాలంనాటి ఊరి వాసనలను కూడా కల్పించారు. కొన్నేళ్ల కిందట దాన్ని చూసి వెళ్లినవాళ్లకు అవే వాసనలు చూపించి ప్రశ్నలడిగితే వివరాలు మరింత బాగా గుర్తుచేసుకున్నారని 1999లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. జర్మనీలో ఆరో తరగతి పిల్లల్లో కొందరు ఇంగ్లిష్ పదాలు చదువుకునేటప్పుడూ, రాత్రి నిద్రపోయేటప్పుడూ దగ్గర్లో గులాబీ వాసన ఉండేలా చూశారు. వాళ్లకు పదాలు దాదాపు 30 శాతం మెరుగ్గా వచ్చాయని 2020లో ప్రచురించారు.

ఇవి చదివి క్లాసులో డిఫ్యూజర్ పెట్టేస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఆ రెండు చోట్లా వాసన తెలివిని పెంచలేదు. నేర్చుకున్నప్పుడు ఉన్న వాసనే మళ్లీ ఎదురై ఆనవాలుగా పనిచేసింది. రోజూ అన్ని పాఠాలకూ ఒకే పరిమళం ఉంటే అది దేనికి ఆనవాలు? పైగా ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. పీరియడ్ సగానికి వచ్చేసరికి ఆ గదిలో వాసన ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు, బయటినుంచి వచ్చిన వాళ్లకు తప్ప.

నాకు అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం వేరే ఉంది. నచ్చని సీసాకు మూత పెట్టేయొచ్చు, నడకలో పక్కకు తప్పుకోవచ్చు. గది నిండిన వాసన నుంచి పిల్లలు తప్పించుకోలేరు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం రావచ్చు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు తలనొప్పి మొదలుకావచ్చు. చిన్న పిల్లలైతే అది వాసన వల్లనేనని చెప్పలేక ఊరికే చిరాకు పడుతూ కూర్చుంటారు. మ్యూజియంలో ఒక మూల మాత్రమే ఒక వాసన ఉండి, వద్దనుకున్నవాళ్లు ముందుకు సాగిపోయే వీలుంటే ఆ పద్ధతి బాగుంటుంది. తలుపులేసిన క్లాసురూముకు పనికిరాదు.

సీసాల దగ్గరికొద్దాం. మారియా మాంటిస్సోరి పద్ధతి బడుల్లో వాసన సీసాలు ఎప్పటినుంచో ఉన్నాయి. లోపల ఏముందో కనిపించని చిన్న సీసాలు తీసుకుని, ఒక్కో వాసనను రెండేసి సీసాల్లో పెడతారు. పిల్లలు పని చూపుతో కాక ముక్కుతో చేయాలి: ఏ సీసాకు ఏది జత?

ఇది చూడ్డానికి చాలా సులువుగా ఉంటుంది. చేతికిస్తే తెలుస్తుంది అందులో ఎంత పనుందో. మొదటి సీసా మూత తీసి, వాసన చూసి, మూత పెట్టి, రెండోది తీసేలోపు మొదటి వాసనను మనసులో పట్టుకోవాలి. మూడోదానికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది, మళ్లీ వెనక్కి వెళ్లాలి. అప్పటిదాకా అల్లరి చేసిన పిల్లలు కూడా కళ్లు మూసుకుని సీసామీదికి వంగుతారు. ఆ తర్వాత వాదన మొదలవుతుంది. ‘ఇవి రెండూ ఒకటే’, ‘కాదు, ఇది కొంచెం ఘాటు’. ఈ వాదనే నా దృష్టిలో అసలు పాఠం. అడుగున రాసిన అంకెలు చూసుకుని తప్పొప్పులు వాళ్లే తేల్చుకుంటారు, టీచర్ తీర్పు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి మానుకోవాలి. సీసా ముక్కుకు పెట్టి ‘ఇదేమిటో చెప్పు’ అని అడగడం. బాగా తెలిసిన వాసనలనే ఏ ఆధారమూ ఇవ్వకుండా అడిగితే పెద్దవాళ్లు కూడా దాదాపు సగానికే పేర్లు చెప్పగలరు. తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోతుంది. అది తెలివితక్కువతనం కాదు, అందరి తీరూ అంతే. పిల్లలకు మాత్రం అది పరీక్షలా తోచి టెన్షన్ పడతారు. జత కలపమనండి, పోల్చమనండి, వర్ణించమనండి. పేరు చివర్లో వస్తే వచ్చింది. వర్ణన సాధనతో మెరుగవుతుందన్న నమ్మకం నాకుంది. మలయా ద్వీపకల్పంలోని జహాయ్ ప్రజలు వాసనలను మనం రంగులు చెప్పినంత సులువుగా చెప్పగలరని ఆసిఫా మాజిద్, నిక్లాస్ బురెన్‌హుల్ట్ అనే పరిశోధకులు 2014లో చూపించారు. కాబట్టి మనిషి ముక్కుది మూగబతుకు అనుకోనక్కర్లేదు.

పెద్ద క్లాసుల్లో సీసాలు ఇంకా పైస్థాయి పాఠం చెప్తాయి. కార్వోన్ అనే పదార్థానికి రెండు రూపాలున్నాయి. రెండింట్లో పరమాణువులూ బంధాలూ ఒకటే, కానీ కుడిచెయ్యి ఎడమచెయ్యిలా ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం. ఒకటి స్పియర్‌మింట్ పుదీనా వాసన, ఇంకోటి జీలకర్రను పోలిన కారవే గింజల వాసన వస్తాయి. బోర్డుమీద గీసినప్పుడు ‘అయితే ఏంటి తేడా?’ అనిపించే విషయం ముక్కుకు క్షణంలో అర్థమవుతుంది. అక్కడినుంచి ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాల గురించి చెప్పొచ్చు. మనుషుల్లో పనిచేసేవి 400 రకాల దాకా ఉంటాయి. ఆ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

ఒక పూటకు ఐదారు వాసనలు మించకూడదు, ఆపైన ముక్కు మొద్దుబారుతుంది. బ్లీచింగ్, అమ్మోనియా, పెయింట్ థిన్నర్ లాంటివాటి జోలికి అసలు వెళ్లొద్దు. తెలియని సీసాను ముక్కుకు ఆనించకుండా, చేత్తో గాలిని ముఖం వైపు తోసుకుని వాసన చూడటం మొదటిరోజే నేర్పాలి.

సీసాలకున్న లోటు, వాసన తన చోటునుంచి విడిపోవడం. ఆ లోటు నడకలో ఉండదు. విక్టోరియా హెన్షా, కేట్ మెక్లీన్ లాంటివాళ్లు నగరాల్లో వాసన నడకలు నడిపించి, వాటిని అధ్యయనంగానూ పటాలుగానూ మలిచారు. పద్ధతి కష్టమేమీ కాదు. చిన్న గుంపుగా నెమ్మదిగా నడుస్తూ, ఎక్కడైనా వాసన తగిలితే ఆగి, ఎవరికి వారు రాసుకోవాలి: ఎక్కడ, ఎంత గట్టిగా, నచ్చిందా లేదా, దేన్ని గుర్తుచేసింది. రాయడం అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మాట్లాడితే మొదట చెప్పినవాళ్ల వాసనే అందరికీ వస్తుంది.

ఒక తడి గోడ దగ్గర ఆగారనుకోండి. పిల్లలు ‘బూజు’ అని రాస్తారు. ప్లంబింగ్ తెలిసిన మనిషి అది పైపు కారడం వల్ల వచ్చిన తడో, కింద డ్రైనేజీ నిలిచిపోవడమో చెప్పగలడు. అక్కడే పుట్టి పెరిగిన పెద్దావిడ ఇంతకుముందు ఆ చోట ఏముండేదో చెబుతుంది. సామూహిక విద్యకు నడక మేలని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే: ఇక్కడ చదువుకున్నవాళ్లది పైచెయ్యి కాదు. ఎండిన నేలమీద చినుకులు పడ్డ రోజైతే సైన్సు పాఠం దానంతటదే దొరుకుతుంది. మట్టిలోని బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ ఆ వాసనలో ముఖ్య భాగం, అది లేశమంత ఉన్నా మన ముక్కు పసిగట్టేస్తుంది.

నడకలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మనుషుల్ని కించపరచడానికి లోకమంతా వాసనను వాడుకుంది, వాళ్ల ఇళ్లనూ, పనులనూ, ఒళ్లనూ. అందుకే బయల్దేరే ముందే నియమం చెప్పాలి: చోటు వాసన రాయండి, మనిషి వాసన రాయొద్దు. ఈ మాట చెప్పడానికి మొహమాటపడేవాళ్లు నడకకు నాయకత్వం వహించకపోవడమే మంచిది.

ఒక్క అవసరానికి మాత్రం ఈ మూడూ కాక నాలుగోది మేలు. సహజ వాయువుకు సొంతంగా వాసన లేదు. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ బడిలో గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది చనిపోయాక, గ్యాస్‌కు ఘాటైన వాసన కలపాలన్న చట్టం అక్కడ వచ్చింది. ఆ వాసనను నేర్పడానికి గీకి వాసన చూసే కార్డులే భద్రమైన దారి.

జలుబు చేసినవాళ్లు, వాసన శక్తి పోయినవాళ్లు ఏ గుంపులోనైనా ఉంటారు. కోవిడ్ తర్వాత ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అందరిముందూ కాకుండా ముందే విడిగా అడిగి, మిగతావాళ్ల వర్ణనలు రాసే పని, పటం గీసే పని వాళ్లకు అప్పగించొచ్చు. ఆస్తమా, అలర్జీల సంగతి కూడా అప్పుడే కనుక్కోవాలి.

వీలున్నవాళ్లు రెండూ చేయాలి, సీసాలు ముందు, నడక తర్వాత. జత కలపడం అలవాటైన ముక్కు వీధిలో ఎక్కువ పట్టుకుంటుంది. నడక అయ్యాక, అక్కడ తగిలిన వాసనల్లో రెండింటిని ఎంచుకుని హాని లేని వస్తువులతో సీసాలో తయారుచేయమని గుంపుకు పని ఇవ్వండి.