మూడేళ్లుగా స్పైరల్ బ్లేడ్లు వాడుతున్నాను, కొత్తగా కొనేవాళ్లకు నా మాట

స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మిషన్) కొన్న రెండో వారంలోనే ఒక డజను స్పైరల్ బ్లేడ్లు తెప్పించుకున్నాను. కారణం బద్ధకమే. మామూలు చదును బ్లేడుకు పళ్లు ముందువైపే ఉంటాయి కాబట్టి గీత ఎటు తిరిగితే చెక్కనూ అటు తిప్పుతూ ఉండాలి. స్పైరల్ అంటే సన్నటి బ్లేడుకు తాడులా పురి పెట్టింది. పళ్లు చుట్టూరా ఉంటాయి, ఎటు జరిపితే అటు కోస్తుంది. చెక్క తిప్పే బాధే లేదంటే ఇంకేం కావాలి?

6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద మా అమ్మాయి పేరు కోయడం మొదటి పని. 'ల' వంపు సొట్టలు పడ్డ గిన్నె అంచులా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అల్మారా పని చేస్తున్న వడ్రంగి మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచు తడిమి చూసి, "ఇది కోసినట్టు లేదు సార్, ఎలుక కొరికినట్టుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ ఆయన అన్నది నిజమే.

బ్లేడు పాడైంది కాదు, స్పైరల్ తీరే అంత. చదును బ్లేడుకు వెనకవైపు పళ్లుండవు, పక్కలు నున్నగా ఉంటాయి. అందుకే మన చెయ్యి కాస్త వణికినా అది గీతను అంత తొందరగా వదలదు. స్పైరల్‌కు అలాంటి ఆసరా లేదు. చెయ్యి వెంట్రుకవాసి జరిగితే కోత కూడా అంతే జరుగుతుంది. స్కేలుతో గీసినట్టు తిన్నటి గీత కావాలంటే దీంతో చచ్చే చావు. లోపలి మూలలు కూడా కొసదేలవు, కొద్దిగా గుండ్రంగానే మిగులుతాయి. పైగా గాడి వెడల్పు. నేను ఎక్కువగా వాడే 1 నంబరు (నంబరంటే బ్లేడు సైజు) స్పైరల్ దాదాపు 1 మిల్లీమీటరు చెక్కను పొట్టు చేసేస్తుంది. 5 నంబరు చదును బ్లేడు చేసే గాడి అందులో సగం ఉంటుందేమో, అంతే.

చెక్క సంగతి ఇంకా ఉంది. పైన్ చెక్కలో మెత్తటి చార, గట్టి చార ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. స్పైరల్ మెత్తటి చార దొరకగానే దాని వెంటే పోతుంది. మనం గీత మీదికి లాగుతుంటాం, అది తన దారిన అది పోతుంటుంది. నేను పైన్‌ను వదిలేసి ప్లైవుడ్‌కు, ఎం.డి.ఎఫ్.కు (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) వచ్చాకే కుదుటపడ్డాను. ఎం.డి.ఎఫ్.లో చారలే ఉండవు కాబట్టి ఈ గొడవ లేదు. దుమ్ము మాత్రం మహా పాడుది, మాస్కు లేకుండా కూర్చోవద్దు.

కొనేముందు మీ మిషన్ ఏ రకమో చూసుకోండి. నా మొదటి మిషన్ పిన్ను బ్లేడ్లది, అంటే రెండు కొసల్లోనూ అడ్డంగా చిన్న పిన్ను ఉన్న బ్లేడే పడుతుంది. అమ్మినవాడు "ఏ బ్లేడైనా పడుతుందండీ" అన్నాడు, నేను నమ్మాను. స్పైరల్స్ ఎక్కువగా పిన్ను లేనివే వస్తాయి, 5 అంగుళాల పొడవు. అడాప్టరు ముక్కలు పెట్టి కొన్నాళ్లు లాక్కొచ్చాను గానీ పది నిమిషాలకోసారి జారిపోయేది. చివరికి పిన్ను లేని బ్లేడును స్క్రూతో బిగించే మిషన్ కొన్నాక బాధ తీరింది.

స్పైరల్స్‌లోనూ రెండు రకాలున్నాయి. కొన్నిటికి పురి చివరిదాకా ఉంటుంది. కొన్నిటికి రెండు కొసలూ చదునుగా వదిలేస్తారు. కళ్లు మూసుకుని రెండోది కొనండి. మొదటి రకాన్ని బిగింపులో పెడితే గుండ్రటి పుల్లను పట్టకారుతో పట్టినట్టే, స్క్రూ ఎంత తిప్పినా లోపల దొర్లుతుంది, చటుక్కున ఊడి వస్తుంది. అలా పేరులేని ప్యాకెట్ ఒకటి సగానికి సగం పారేశాను. ఇప్పుడు వాడుతున్నవి పెగాస్ వాళ్ల చదును కొసలవి, స్విట్జర్లాండ్ సరుకు. బిగింపులో నిలుస్తాయి, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కొత్త బ్లేడు మీద సన్నగా నూనె ఉంటుంది. బిగించే ముందు రెండు కొసలనూ ఉప్పు కాగితంతో ఒకసారి రుద్దండి, జారడం సగం తగ్గుతుంది.

బిగువు దగ్గర నేను చాలాకాలం తప్పే చేశాను. విరుగుతుందేమోనని వదులుగా పెట్టేవాణ్ణి. వదులైతే బ్లేడు విల్లులా వంగి, పైన గీత మీదే ఉన్నా కింద ఇంకోచోట కోస్తుంది. ముక్కను తిరగేసి చూస్తే గానీ తెలియదు. స్పైరల్ పురి పెట్టిన లోహం కదా, బిగించాక కొద్దిసేపటికి సాగుతుంది. అందుకే గట్టిగా బిగించి, రెండు నిమిషాలు కోసి, ఆపి, మళ్లీ ఒక చుట్టు బిగిస్తాను. వేలితో మీటితే తీగలా ఖంగుమనాలి, డబడబమంటే చాలదు.

నంబర్ల లెక్క మొదట్లో తికమకగానే ఉంటుంది. 1, 2, 3 అంటూ పెరిగేకొద్దీ బ్లేడు లావు. సున్నాలు పెరిగేకొద్దీ సన్నం, అంటే 2/0 అన్నది 0 కన్నా సన్నం. ఫొటోలను చెక్కలో బొమ్మలుగా కోసేవాళ్లంతా 2/0 మెచ్చుకుంటారు, ఆ మాట విని నేనూ అదే కొన్నాను. కొత్త చేతికి అది పనికిరాదు. ఒక్క సాయంత్రంలో నాలుగు విరిచాను. 1 గానీ 2 గానీ తీసుకోండి. బొమ్మ లోపలి ఖాళీలు కోయాలంటే ముందు రంధ్రం వేసి అందులోంచి బ్లేడు దూర్చాలి, 1 నంబరుకు 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ రంధ్రం సరిపోతుంది.

ఇన్ని తిట్లు తిట్టాక ఇంకా ఎందుకు వాడుతున్నానంటే, మా తాతయ్య ఫొటో కోసం. పాత నలుపు తెలుపు ఫొటోను నీడల్లా మార్చి రెండడుగుల ప్లైవుడ్ మీద అంటించాను. నా మిషన్‌లో బ్లేడు నుంచి వెనక కంబం దాకా 16 అంగుళాలే. చదును బ్లేడుతో అయితే చెక్కను తిప్పాలి, తిప్పితే వెళ్లి వెనక కంబానికి కొట్టుకుంటుంది. స్పైరల్‌తో బొమ్మను తలకిందులు చేయకుండా, తాతయ్య ముఖం నా వైపే ఉండగా, అటూ ఇటూ జరుపుతూ కోశాను. రంధ్రాలే నూటికి పైన. మీసం, తలపాగా మడతలు, నుదుటి గీతలు, వీటిలో అంచు కాస్త గరుకుగా ఉన్నా కన్ను పట్టుకోదు, పైగా అందమే.

తెలుగు అక్షరాలకు మాత్రం స్పైరల్ ఆశపెట్టి మోసం చేస్తుంది. మన లిపి అంతా గుండ్రనే కదా, అచ్చంగా దీనికోసమే పుట్టిందనిపిస్తుంది. కానీ గుండ్రం ఎంత పెద్దదైతే వంకర అంత బాగా కనిపిస్తుంది. పేరు పలకలకు నేను 5 నంబరు చదును బ్లేడే వాడతాను. చెక్కలోంచి అక్షరం ఆకారంలో ఖాళీ వదలాలంటే సున్న నడుమ ముక్క ఊడి పడుతుంది. అక్షరాన్నే కోసి తీస్తే ప, స, హ ల మీది తలకట్టు విడిపోతుంది. గీసేటప్పుడే సన్నటి వంతెన పెట్టుకోవాలి. ఒకసారి మరిచిపోయి 'స' తలకట్టును మంచం కింద గంటసేపు వెతికాను.

రెండు చిన్న చికాకులు చెప్పి ఆపుతాను. కోత అడుగున దూదిలా నూగు మిగులుతుంది. 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, సందుల్లో పాత టూత్ బ్రష్ తిప్పితే పోతుంది. రెండోది, పళ్లు చుట్టూరా ఉన్నాయి కాబట్టి రంధ్రంలోకి బ్లేడు దూర్చిన ప్రతిసారీ వేళ్లకు గుచ్చుకుంటుంది. నూరు రంధ్రాలు దూర్చిన రాత్రి ఆవకాయ కలుపుకోబోయి, మా ఆవిడను స్పూన్ అడిగాను.

బయటి దేశాల సరుకుకు షిప్పింగ్ ఖర్చే ఎక్కువ కాబట్టి మూడు నాలుగు డజన్లు కలిపి తెప్పించుకోవడం నయం. మొదటి ఆర్డరైతే రెండు డజన్లు 5 నంబరు చదునువి, ఒక డజను 1 నంబరు చదును కొసల స్పైరల్ పెట్టండి. చదునువి అయిపోయేదాకా స్పైరల్ ప్యాకెట్ విప్పకండి.