అవాంఛిత రోమాలకు డయోడ్ లేజరా, యాగ్ లేజరా?

ముందు చూసుకోవాల్సింది మీ చర్మం రంగు. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. చిక్కేమిటంటే, అదే మెలనిన్ చర్మంలోనూ ఉంది.

తరంగదైర్ఘ్యం: డయోడ్ సుమారు 810 నానోమీటర్లు, యాగ్ 1064.
చర్మానికి రిస్క్: డయోడ్ కాంతిని మెలనిన్ ఎక్కువగా పీల్చుకుంటుంది. యాగ్ కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి అది పైపొరను అంతగా కాల్చకుండా లోతుకు దిగుతుంది.
నొప్పి: యాగ్‌తోనే ఎక్కువ.
ఖర్చు: రెండింటికీ చాలా సిట్టింగులు కావాలి. సన్నని వెంట్రుకలకు యాగ్‌తో ఇంకొన్ని పట్టొచ్చు. మొత్తం ఎంతవుతుందో ముందే అడగండి.

కంటికి మాత్రం రెండూ ప్రమాదమే. ఈ కాంతి దాదాపు కనిపించదు, కాబట్టి రెప్ప దానంతటది మూసుకోదు. కంటి కటకం దాన్ని రెటీనా మీద చిన్న చుక్కగా చేరుస్తుంది, అక్కడ కాలితే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మీ కళ్లకు కాంతిని పూర్తిగా ఆపే కవచం పెట్టమనండి. గదిలో ఉన్న మిగతావాళ్ల రక్షణ కళ్లద్దాల మీద ఆ లేజర్ తరంగదైర్ఘ్యమే రాసి ఉండాలి. 810వి 1064కి పనికిరాకపోవచ్చు.

తెలుపు లేదా గోధుమ ఛాయ, నల్లటి మందపాటి వెంట్రుకలైతే డయోడ్ చాలు. ముదురు ఛాయ, తేలిగ్గా మచ్చలుపడే చర్మమైతే యాగ్ అడగండి. నెరిసిన వెంట్రుకల మీద రెండూ సరిగా పనిచేయవు.