గల్లా పక్కన నోట్ల మిషన్: పద్నాలుగు నెలలు వాడాక

మిర్యాలగూడలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణంలో పన్నెండేళ్లుగా గల్లా మీద కూర్చుంటున్నాను. వానాకాలం సాగు మొదలైతే ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు నగదు వస్తూనే ఉంటుంది. ఫోన్‌తో కట్టేవారు పెరిగినా, వడ్లు అమ్ముకొని ఆ డబ్బుతోనే నేరుగా బస్తాలకు వచ్చే రైతులు మా దగ్గర ఇప్పటికీ ఎక్కువే. చేత్తో లెక్కపెట్టిన రోజుల్లో రాత్రి గల్లా కట్టేటప్పుడు రెండు వందలో ఐదు వందలో తగ్గితే, అది ఎక్కడ పోయిందో తేలక సొంత జేబులోంచి వేసిన సందర్భాలు ఉన్నాయి. నిరుడు వానాకాలానికి ముందు మా యజమాని నోట్లు లెక్కపెట్టే మిషన్ కొన్నారు. రకరకాల నోట్లు కలిపి పెట్టినా మొత్తం విలువ చూపించే రకం, ఖరీదు 14,500 రూపాయలు. ఇలాంటి మిషన్ కొనాలనుకుంటున్న తోటి దుకాణదారులకు, ముఖ్యంగా గల్లా మీద కూర్చునేవారికి పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

వేగం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. నిమిషానికి 1000 నోట్లని పెట్టె మీద రాసి ఉంది, బ్యాంకు నుంచి వచ్చిన కొత్త కట్టల విషయంలో అది నిజమే. కానీ మా గల్లాకు వచ్చే నోట్లు అలాంటివి కావు. లుంగీ మడతలో, రొంటిన, ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పడి, చెమటకు, వానకు మెత్తబడి వస్తాయి. మడత విప్పకుండా పెడితే మిషన్ రెండు నోట్లు అతుక్కున్నాయని ఆగిపోతుంది, టేపు అంటించిన నోటును చూసినా అలాగే ఆగుతుంది. అందుకని మడతలు సరిచేసి, చెమ్మ ఉన్నవాటిని విడిగా తీసి, స్టేపుల్ పిన్నులు ఏరి, అంచులు సమం చేసి పెడుతున్నాను. ఈ తయారీకి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోకుండా మిషన్ పెడితే పని క్షణంలో అయిపోతుందనుకునేవారు నిరాశపడతారు. పాత నోట్ల దుమ్ము సెన్సర్ల మీద పేరుకుంటుంది కాబట్టి శనివారం రాత్రి మెత్తని బ్రష్‌తో తుడవకపోతే సోమవారం నుంచి లేనిపోని బీపులు మొదలవుతాయి.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది, ఒకసారి ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కూడా, వంద నోట్ల వ్యవహారం. పాత వంద నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, వెడల్పు 73. లేత ఊదా రంగు కొత్త వంద నోటు 142 పొడవు, 66 వెడల్పు. రెండూ చెల్లుతాయి, రెండూ ఒకే కట్టలో వస్తాయి. కొత్త 200 నోటు 146 పొడవు, వెడల్పు మాత్రం అదే 66. అంటే కొత్త వందకూ రెండు వందలకూ మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లే. విలువ చూసే పద్ధతిలో పెడితే మా మిషన్ ఈ తేడాను ఇంతవరకు తప్పకుండా పట్టింది. నోట్ల సంఖ్య మాత్రమే లెక్కించే పద్ధతిలో పెడితే పట్టదు. ఒక సాయంత్రం రద్దీలో బటన్ ఏ పద్ధతిలో ఉందో చూసుకోకుండా హమాలీ కూలికి వంద నోట్ల కట్ట లెక్కపెట్టి ఇచ్చాను. తెర మీద 100 అని వచ్చింది, రబ్బరు బ్యాండు వేశాను. రాత్రి గల్లాలో 300 తగ్గాయి. మర్నాడు పొద్దున్నే హమాలీ మేస్త్రి వచ్చి, కట్ట మధ్యలో మూడు రెండు వందల నోట్లు ఉన్నాయని చెప్పి 300 నా చేతిలో పెట్టాడు. ఆయన నిజాయితీ వల్ల లెక్క సరిపోయింది. అప్పటినుంచి డబ్బు బయటికి ఇచ్చేటప్పుడు తెర మీద ఎన్ని నోట్లో కాక ఎన్ని రూపాయలో చూసి, కట్టను చేత్తో ఒకసారి విసనకర్రలా విప్పి, ఆ తర్వాతే బ్యాండు వేస్తున్నాను.

దొంగనోట్లను పట్టే విషయంలో కంపెనీ చెప్పేదాన్ని పూర్తిగా నమ్మవద్దని నా సలహా. అసలు నోటు కాగితం అతినీల కాంతి కింద మెరవదు, మామూలు కాగితం మెరుస్తుంది. మిషన్ చేసే పరీక్షల్లో అదొకటి. అయితే బట్టల సబ్బుపొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థాలూ ఆ కాంతికి మెరుస్తాయి. జేబులో మరిచిపోయి ఉతికిన నోటును మిషన్ దొంగనోటని ఆపడానికి కారణం అదే. గత జూలైలో ఒక పెద్దాయన యూరియా బస్తాలకు ఇచ్చిన ఐదు వందల నోట్లలో ఒకదాని దగ్గర మిషన్ బీప్ కొట్టింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఆయన మొహం వాడిపోయింది. "దొంగ నోటా సారూ?" అని అడిగాడు. నోటు తీసుకొని వెలుతురుకు పట్టాను. గాంధీజీ నీటిగుర్తు ఉంది. వంచి చూస్తే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది, కింద కుడివైపు 500 అంకె రంగూ అలాగే మారింది. చూపు లేనివారి కోసం రెండు అంచుల్లో వేసే ఐదేసి గీతలు వేలికి కొద్దిగా తగిలాయి. "కాదు పెద్దాయనా, నీళ్లల్ల తడిసింది, అంతే" అని పదిమందికీ వినపడేలా చెప్పి నోటు గల్లాలో వేసుకున్నాను. మిషన్ కూత విని మనిషిని అనుమానంగా చూడటం చాలా అన్యాయమని నా అభిప్రాయం. నిజంగా దొంగనోటు తెచ్చినవాడు కూడా చాలాసార్లు మోసపోయి తెచ్చినవాడే.

నిజమైన దొంగనోటు ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కటే వచ్చింది. దాన్ని మిషనూ ఆపింది, దారం రంగు మారకపోవడం నేనూ చూశాను. అలాంటిది గల్లాలోకి చేరిందంటే ఇంకొకరికి అంటగట్టకూడదు, అది నేరం. బ్యాంకుకు తీసుకెళితే నోటు మీద ముద్ర వేసి తమ దగ్గరే ఉంచుకొని రసీదు ఇస్తారు, డబ్బు మాత్రం రాదు. ఒకే లావాదేవీలో నాలుగు వరకు ఉంటే నెలాఖరు నివేదికలో పోలీసులకు తెలియజేస్తారు, ఐదు లేదా అంతకు మించి ఉంటే వెంటనే పోలీసు ఫిర్యాదు వెళుతుంది. కాబట్టి అనుమానం ఉన్న నోటును తీసుకోకముందే, మనిషి ఎదురుగా ఉండగానే తేల్చుకోవాలి.

మిషన్‌తో పాటు విడిగా 600 రూపాయలకు ఒక చిన్న తెర అమ్ముతారు. వైరుతో కలిపి కొనుగోలుదారు వైపు తిప్పి పెట్టుకోవచ్చు. యజమాని మొదట వద్దన్నారు, పట్టుబట్టి కొనిపించాను. తాను ఇచ్చిన మొత్తం రైతు తన కళ్లతో చూస్తున్నప్పుడు, పది నిమిషాల తర్వాత "నేను ఇంకో ఐదు వందలు ఇచ్చిన" అన్న వాదన రావడం మా దుకాణంలో దాదాపు ఆగిపోయింది. తెర మీద అంకె కనిపించాక, 500వి ఎన్ని, 200వి ఎన్ని అని బిల్లు వెనక రాసి, ఆయన ఒప్పుకున్న తర్వాతే నోట్లు గల్లాలో వేస్తాను. అంతవరకు అవి బల్ల మీదే, ఇద్దరి కళ్ల ముందే ఉంటాయి. గల్లాలో యాభై వేలు దాటగానే మరో గుమాస్తా ఎదుట లెక్కించి, కట్ట మీది చీటీపై ఇద్దరం సంతకం చేసి ఇనప్పెట్టెలో పెడుతున్నాము.

లోపాలు చెప్పాలంటే, కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో అంకె సున్నా అయిపోతుంది, మళ్లీ మొదటినుంచి లెక్కించాలి. నోటును లాగే రబ్బరు రోలరు పదకొండో నెలకే అరిగింది. అమ్మినవారికి ఫోన్ చేస్తే మెకానిక్ రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, అది సరిగ్గా సీజన్ మధ్యలో. ఆ పంతొమ్మిది రోజులూ మళ్లీ తడి స్పాంజితోనే గడిపాను. రోజుకు లక్ష రూపాయల లోపు నగదు తిరిగే చిన్న దుకాణాలకు ఇంత ఖర్చు అనవసరమని నాకు అనిపిస్తుంది. మాలాంటి దుకాణాలు మాత్రం కొనవచ్చు, కాని కొనే రోజునే ఒక రోలరు సెట్టు అదనంగా తీసుకొని, దాన్ని మార్చడం ఎలాగో మిషన్ అమ్మే అబ్బాయి చేత ఒకసారి చేయించి చూసుకోండి.