యూరప్ జీఎస్‌పీ రాయితీ: ఏ ప్లాన్‌లో ఎంత మిగులుతుంది?

వర్ధమాన దేశాల సరుకు మీద దిగుమతి సుంకం తగ్గించే యూరోపియన్ యూనియన్ పథకమే జీఎస్‌పీ (జనరలైజ్డ్ స్కీమ్ ఆఫ్ ప్రిఫరెన్సెస్), ఇది 1971 నుంచి నడుస్తోంది. దీన్ని ఒక సర్వీసు అనుకుని రేటింగ్ ఇవ్వాలంటే, ముందు ఏ ప్లాన్ అని అడగాలి. ప్లాన్లు మూడు: మామూలు జీఎస్‌పీ, మానవ హక్కులు, కార్మిక, పర్యావరణ ఒప్పందాలు పాటించే దేశాలకు జీఎస్‌పీ ప్లస్, బాగా వెనుకబడిన దేశాలకు ఈబీఏ (ఎవ్రీథింగ్ బట్ ఆర్మ్స్). ఈబీఏలో ఆయుధాలు, మందుగుండు తప్ప అన్నిటికీ సుంకం సున్నా.

20,000 యూరోల కాటన్ టీషర్టులు పంపారనుకోండి. రాయితీ లేకపోతే 12 శాతం, అంటే 2,400 యూరోలు. మామూలు జీఎస్‌పీలో 9.6 శాతం, 1,920. మిగిలింది 480. ఈబీఏలో మొత్తం 2,400 మిగులుతుంది. తేడా అక్కడితో ఆగదు. ఈబీఏ దేశం గుడ్డ బయటి నుంచి తెచ్చుకుని కుట్టి పంపినా చెల్లుతుంది. మామూలు ప్లాన్‌లో నూలు బయటిదైనా సరే, గుడ్డ అల్లడం, కుట్టడం రెండూ సొంత దేశంలోనే జరగాలి. అల్లిక మిల్లులు లేని దేశానికి ఆ 480 కూడా కాగితం మీదే.

ఇంకో మెలిక: సుంకం కట్టేది దిగుమతిదారు. కాబట్టి మిగులు ముందు పడేది అతని జేబులోనే. "మీ సరుకుకి డ్యూటీ పడదుగా" అన్న మాట ఎగుమతిదారుకు ధర పెంచుకునే బలం ఇవ్వాలి, కానీ పెద్ద కొనుగోలుదారు ముందు అది అంతగా పనిచేయదు. ఆఫ్రికా దేశాలకు అమెరికా ఇచ్చిన ఏజీఓఏ రాయితీలో దుస్తుల ఎగుమతిదారులకు దక్కింది దాదాపు మూడో వంతేనని ఒక అధ్యయనంలో తేలింది.

కాగితాల పని మాత్రం బాగుంది. సరుకు విలువ 6,000 యూరోలు దాటితే రెక్స్ నంబరు (ఎగుమతిదారు నమోదు నంబరు) ఉండాలి, అంతకు లోపైతే అక్కర్లేదు. ఇన్‌వాయిస్ మీదే ఆరిజిన్ ప్రకటన, అంటే సరుకు ఏ దేశానిదో చెప్పే మాట, రాస్తే చాలు, అది 12 నెలలు చెల్లుతుంది. తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ ప్రకటన చివర రాసే అక్షరంలో. పూర్తిగా సొంత దేశపు సరుకైతే 'పి', బయటి ముడిసరుకు కలిస్తే 'డబ్ల్యూ', పక్కన హెచ్ఎస్ (సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ) శీర్షిక నాలుగు అంకెలు: టీషర్టుకు డబ్ల్యూ 6109. బయటి గుడ్డతో కుట్టి 'పి' అని రాసేస్తే తనిఖీలో దొరుకుతారు. అప్పుడు సుంకం దిగుమతిదారు మీద పడుతుంది, అతను దాన్ని మీ తర్వాతి బిల్లులో కోసుకుంటాడు.

అసలు లోపం, ఇది హక్కు కాదు, ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోగలరు. 2020 ఆగస్టు 12న మానవ హక్కుల కారణంగా కంబోడియాకు ఈబీఏలో కొంత భాగం పోయింది. ప్రయాణ బ్యాగులన్నీ అందులో ఉన్నాయి. అమెరికా జీఎస్‌పీ అయితే 2020 డిసెంబర్ 31తో గడువు తీరి ఆగిపోయింది. మెషిన్లు కొన్నాక ఇలా జరిగితే ఆ పెట్టుబడి తిరిగిరాదు.

దుస్తులకు ఈబీఏ: 5కి 4. మామూలు జీఎస్‌పీ: 5కి 2. ఎలాగూ 2 శాతమే సుంకం ఉన్న సరుకుకైతే, పూర్తిగా సున్నా చేసినా 20,000 యూరోల మీద మిగిలేది 400. ఆరిజిన్ రికార్డులు ఉంచుకునే ఖర్చు అంతకు మించుతుందేమో ముందే లెక్క వేసుకోండి.