డిగ్రీలో ఎన్‌సీసీనా, ఎన్‌ఎస్‌ఎస్సా?

డిగ్రీలో అడ్మిషన్ అయిన వారానికే పిల్లలు అడిగే ప్రశ్న ఇది: సైనిక తరహా శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్)లో చేరాలా, సమాజ సేవ చేయించే ఎన్‌ఎస్‌ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్)లోనా? అసలు అడిగేది "ఏది తీసుకుంటే ఉద్యోగానికి పనికొస్తుంది?" అని. సేవ అంటే అంత లెక్కా అని కొందరు లెక్చరర్లు విసుక్కుంటారు. ఆదివారాలు, సెలవులు ధారపోసేవాడు ఏమొస్తుందని అడగడంలో నాకైతే తప్పేమీ కనిపించదు.

ఉద్యోగం ఒక్కటే చూస్తే ఎన్‌సీసీదే పైచేయి. రక్షణ శాఖ కింద 1948 నుంచి నడుస్తోంది కాబట్టి యూనిఫాం ఉద్యోగాల్లో దాని సర్టిఫికెట్‌కి నేరుగా విలువ ఉంది. పారామిలటరీ దళాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) చేసే జీడీ కానిస్టేబుల్ సెలెక్షన్‌లో ఎన్‌సీసీ పైమెట్టు 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 5 శాతం, 'బి'కి 3 శాతం, 'ఎ'కి 2 శాతం బోనస్ మార్కులు. 160 మార్కుల పరీక్షలో 'సి' ఉన్నవాడికి 8 మార్కులు ఊరికే కలుస్తాయి. కటాఫ్ దగ్గర అర మార్కుతో ఆగిపోయినవాణ్ని అడగండి, ఎనిమిదంటే ఏమిటో చెబుతాడు. 'సి'లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి పెట్టుకోవచ్చు. ఆఫీసర్ల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూయే.

కష్టమూ అలాగే ఉంటుంది. తెల్లారకముందే బూట్లకు పాలిష్ కొట్టుకుని గ్రౌండ్‌లో నిలబడాలి. పరేడ్ హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. క్యాంపులు తప్పవు. ఇంకో మాట, రక్తదానం, మొక్కలు నాటడం ఉన్నా ఎక్కువ టైం డ్రిల్లుకే పోతుంది.

సేవ కావాలంటే ఎన్‌ఎస్‌ఎస్. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల పని, ఒక దత్తత గ్రామంలో ఏడు రోజుల స్పెషల్ క్యాంప్. బడి వరండాలో పడుకోవడం, పొద్దున్నే మురికి కాలువల దగ్గర పార పట్టుకోవడం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే. "పింఛను ఆగిపోయింది, రాసుకో నాయనా" అని ఒక అవ్వ చెయ్యి పట్టుకుంటే, రాసుకున్న కాగితం ఎవరికివ్వాలో తెలియక వాలంటీర్ దిక్కులు చూస్తాడు. ఆ ఏడు రోజుల్లో నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ లేదు. ప్రతిఫలం మాత్రం పలచన. కొన్ని యూనివర్సిటీల పీజీ అడ్మిషన్లలో కోటా, రెజ్యూమెలో ఒక లైను. సాఫ్ట్‌వేర్ క్యాంపస్ సెలెక్షన్లలో అయితే రెండు సర్టిఫికెట్లనీ పెద్దగా పట్టించుకోరు.

సేవ ఎక్కువున్న చోట ప్రతిఫలం ఎందుకు తక్కువ? నా లెక్కలో కారణం నమ్మకం. ఎన్‌సీసీలో పరీక్ష పెట్టేది కాలేజీ కాదు, ఎన్‌సీసీ అధికారులు, డ్రిల్, మ్యాప్ రీడింగ్ చేసి చూపించాలి. ఎన్‌ఎస్‌ఎస్ గంటలు రాసేది కాలేజీయే, సంతకం పెట్టేదీ కాలేజీయే. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగిన ర్యాలీ కూడా గంటల్లోకి ఎక్కేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీవాళ్లందరికీ 180 గంటలు, 4 క్రెడిట్లతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టాక ఈ బెడద ఇంకా బాగా కనిపించింది. ఊరికి వెళ్లి చక్కగా సర్వే చేసినవాళ్లూ ఉన్నారు, సీనియర్ రిపోర్టులో ఊరి పేరు మార్చి జిరాక్స్ తీసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ క్రెడిట్లు అవే. గంటలకు బదులు ఊళ్లో ఏం మారిందో పంచాయతీ చేత రాయించుకుంటే ఎన్‌ఎస్‌ఎస్‌కీ బోనస్ మార్కులు అడిగే హక్కు వస్తుంది.

పోలీసు, ఆర్మీ, పారామిలటరీ మనసులో ఉంటే ఆలోచించకుండా ఎన్‌సీసీలో చేరండి. సోషల్ వర్క్, టీచింగ్, గ్రూప్స్ వైపు వెళ్లేవాళ్లకు ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపే ఎక్కువ అక్కరకొస్తుంది, మార్కులు కలవకపోయినా. ఎటూ తేలనివాళ్లు ముందు ఎన్‌సీసీ సెలెక్షన్‌కే వెళ్లండి. అది ఫస్టియర్ మొదట్లోనే అయిపోతుంది, 'సి' దాకా వెళ్లాలంటే మూడేళ్లూ కావాలి. ఎన్‌ఎస్‌ఎస్‌కి రెండేళ్లే కాబట్టి కాస్త ఆగినా పర్వాలేదు.